సౌండు లేదన్న వీడియో

అమ్మ షాపు తాళం చెవి తన చేతిలోనే పెట్టిందని అన్నయ్య మా అందరికీ టీవీలో చూపించాడు. మా టైలరింగ్ షాపు పాతికేళ్ళ పండగనాడు బాబాయి తన పాత కెమెరాని అల్మారా మీద పెట్టి వదిలేస్తే రికార్డయిన వీడియో అది. అమ్మ నవ్వుతూ ఏదో చెబుతూ తాళం చెవి అన్నయ్యకిస్తోంది. సౌండు మాత్రం లేదు. చూశారుగా, షాపు నాకిచ్చింది, మూసేసి అద్దెకిస్తాను అన్నాడు. చదువైపోయిన దగ్గర్నుంచీ అమ్మ పక్కన మిషన్ తొక్కుతున్నది నేను. నాకు ఒళ్ళు మండింది.

పక్షవాతంతో మాటా కుడిచెయ్యీ పడిపోయిన అమ్మ కుర్చీలోంచి తల అడ్డంగా ఊపింది. జబ్బు చేశాక అమ్మకేమీ తెలియడం లేదని అన్నయ్య కొట్టిపారేశాడు. మాట పోతే మనిషికి బుద్ధి కూడా పోయినట్టేనా?

పెన్‌డ్రైవ్ లాక్కున్నాను. ఫైలు పేరు చివర ఎమ్‌పీ ఫోర్ అని ఉంది. బాబాయి కెమెరా అలాంటి ఫైళ్ళు తీయదు. అన్నయ్యని నిలదీస్తే, టీవీ తీసుకోకపోతే తానే మార్చానన్నాడు. మార్చింది పేరు చివరి అక్షరాలే. సీసా మీద చీటీ మారిస్తే లోపలున్నది మారుతుందా?

బాబాయి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు. పిన్ని ఇక చాలించవే అంది. చాలించనన్నాను. ఫైలు వివరాలు తెరిచాను. వీడియో కింద ఆడియో అని ఇంకో వరస కనిపించింది. అంటే సౌండు ఉంది. దాన్ని విప్పి వినిపించే కోడెక్ అనే ప్రోగ్రాం టీవీకీ లేదు, ఈ ప్లేయర్‌కీ లేదు. కోడెక్‌లన్నీ తనలోనే పెట్టుకున్న ఇంకో ప్లేయర్ డౌన్‌లోడ్ చేశాను. అన్నయ్య వైరస్ వస్తుందని బెదిరించాడు. రానీ అన్నాను.

ముందు మిషన్ల చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మ గొంతు.

"ఒరేయ్, ఇలాంటిదే ఇంకో తాళం చెవి చేయించుకురా. చెల్లికిద్దాం. ఇకనుంచి షాపు దానిదే."

తన గొంతు తాను విని అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్నయ్య మాత్రం సరిగ్గా వినపడలేదన్నాడు. సౌండు పెంచి మళ్ళీ పెట్టాను.

అది పూర్తయ్యేలోపే అమ్మ తాళం చెవి కోసం తన ఎడమచెయ్యి అన్నయ్య వైపు చాచింది. వాడు కదల్లేదు. అమ్మ చెయ్యి దించలేదు.