తేటగా పలికే పెట్టె

నేను ఒక గిటారు ఆంప్లిఫయరుని. ఆ పేరుకి నోరు తిరిగేవాళ్లు మా వైపు తక్కువ. పెట్టె అంటారు, డబ్బా అంటారు. నన్ను భుజాన మోసినాయన ఒకడు బండరాయి అని కూడా అన్నాడు. ఏ పేరుతో పిలిచినా నాకు పట్టింపు లేదు. నా అంతట నేను పలకను. ఎవరన్నా తీగ మీటితే, మీటినంత పలికి ఊరుకుంటాను. మనుషుల్లో ఈ గుణం నేను పెద్దగా చూడలేదు.

నన్ను తయారుచేసింది రేపల్లెలో రేడియోలు బాగుచేసే నాగుల్‌మీరా. రేడియో వినేవాళ్లు తగ్గిపోయి, ఆయన బల్ల మీద పని కంటే దుమ్ము ఎక్కువైన రోజులవి. ఊరికే కూర్చోవడం చేతకాక నన్ను మొదలుపెట్టాడు. పాత రేడియోల్లోంచి తీసి దాచిన గాజు వాల్వులు, ఒక పన్నెండంగుళాల స్పీకరు, పడగొట్టిన రైసుమిల్లు తలుపు తాలూకు టేకుచెక్క. ట్రాన్స్‌ఫార్మరు తనే చుట్టుకున్నాడు. రాగితీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఎవరో ఒకరు వచ్చి "బాగున్నావా మీరా" అనేవాళ్లు. బాగున్నాననేవాడు. లెక్క పోయేది. మొత్తం విప్పి మళ్లీ మొదలు. మూడుసార్లు అట్టా అయ్యాక, నాలుగోసారి షట్టరు సగానికి దించి, కింద నుంచి కాళ్లు మాత్రమే కనపడేట్టు కూర్చుని చుట్టాడు. నా పుట్టుక చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన కాళ్లు చూసినవాళ్లు ఉన్నారు.

ఆయనకి గిటారు రాదు. రేడియో మనిషి. వార్తలు చదివేవాళ్ల నోట్లో ప్రతి అక్షరం విడివిడిగా వినపడితేనే మంచి సెట్టు అని ఆయన నమ్మకం. నన్నూ అట్టాగే చేశాడు. ఆరు తీగలు కలిపి మీటినా ఆరూ దేనికది వినపడతాయి. మోటగా కాదు, పల్చగానూ కాదు. గరగర లేదు, మోత లేదు. ఒక్కటే లోపం. స్విచ్చి వేయగానే పలకలేను. వాల్వులు వేడెక్కాలి. ముప్పై లెక్కపెట్టేంతసేపు పడుతుంది.

ముప్పై లెక్కపెట్టే ఓపిక ఉన్న మనిషి దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మొదట పెళ్లిళ్లలో పాటలు పాడించే సోమరాజు తీసుకెళ్లాడు. ఆయన ఆర్కెస్ట్రాలో గాయకులు ముగ్గురైతే, చప్పుడు చేసేవాళ్లు తొమ్మిదిమంది. మొదటి పెళ్లిలోనే స్విచ్చి వేశాడు. నేను ఇంకా వేడెక్కలేదు. పలకలేదని వాల్యూము పూర్తిగా తిప్పాడు. అప్పటికీ పలకలేదని మిగతా రెండు బిరడాలూ చివరిదాకా తిప్పి, నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. పలకని రేడియోని కొట్టి పలికించిన జాతి కదా మనది. సరిగ్గా అప్పుడు నాకు వేడొచ్చింది. నా కేక విని పెళ్లికొడుకు చేతిలో తలంబ్రాలు పెళ్లికూతురి మీద పడాల్సింది పోయి పురోహితుడి మీద పడ్డాయి. తర్వాత తగ్గించి వాయిస్తే, "ఇందులో ఎకో లేదు, ఊపు లేదు, పెళ్లికా పరామర్శకా" అని ఎవరో అడిగారంట. నెల తిరక్కుండా నన్ను తెచ్చి నాగుల్‌మీరా బల్ల కింద పెట్టేశాడు.

బల్ల కింద ఉంటే లోకం బాగానే తెలుస్తుంది. వచ్చినవాళ్ల చెప్పులు చూస్తే చాలు, బేరం ఎట్టా నడుస్తుందో ముందే చెప్పొచ్చు.

ఒక మధ్యాహ్నం మూడు జతలు వచ్చినయ్. ముందు కిర్రుకిర్రుమనే తోలు చెప్పులు. అవి తాళ్లదిబ్బ చర్చి సంఘపెద్ద జకరయ్యవి. వెనక బురద ఆరిన రబ్బరు చెప్పులు, ఆ ఊరి గుడిలో గిటారు వాయించే ఏలియావి. చివర్లో, గడప దగ్గరే ఆగిపోయిన ఆడమనిషి చెప్పులు. అవి ఏలియా భార్య సంతోషమ్మవి.

వాళ్లు కూర్చుని చెప్పుకున్న దాన్నిబట్టి సంగతి నాకు అర్థమైంది. తాళ్లదిబ్బ గుడిలో కోతపండగకి మొదటి పాట సంతోషమ్మది. కోతలయ్యాక కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి గుడిలో అర్పించే రోజు అది. పదిహేనేళ్లుగా ఆమే పాడుతోంది. రెండేళ్ల కింద గొంతుకి ఆపరేషను అయింది. గొంతు తిరిగొచ్చింది గానీ సన్నబడింది. గుడిలో ఉన్న పెద్ద మైకుసెట్టు పెట్టెలకి ఏలియా గిటారు తగిలిస్తే, ఆ మోతలో ఆమె పాట మునిగిపోయింది. పోయిన పండగకి రెండో చరణంలో ఆపేసి వెళ్లి వెనక వరసలో కూర్చుంది. అప్పటినుంచి పెదాలు కదుపుతుందంట, అంతే.

ఇంకో పదిరోజుల్లో పండగ. ఏలియా తన గిటారుకి వేరే పెట్టె ఉంటే బాగుంటుందని సంఘాన్ని అడిగాడు. జకరయ్య ఒప్పుకున్నాడు, కానీ ఒక మాట అన్నాడు. ఈసారి కూడా కుదరకపోతే మొదటి పాటకి గుంటూరు నుంచి పాటల బృందాన్ని పిలుస్తామని.

"తప్పుగా అనుకోబాక తల్లీ" అన్నాడు సంతోషమ్మతో. "పండగ పండగలాగ ఉండాలి గదా. పాట కాలవ అవతలికి వినపడాలి."

"కాలవ అవతల ఎవరున్నారు బాబాయ్? గేదెలేగా" అంది ఆమె.

"గేదెలు వింటే తప్పేముంది? దేవుడు చేసినయ్యేగా అవీ."

ఆమె నవ్వింది. నవ్వు కూడా సన్నగానే ఉంది.

ఆ వేళ దుకాణంలో ఎంచుకోవడానికి నాతో కలిపి రెండే పెట్టెలున్నాయి. రెండోది పట్నం నుంచి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ముందు వరసగా ఎర్రలైట్లు పరిగెత్తుతూ ఉండేది. జకరయ్య దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. కొనబోయే ఎద్దుని నిమిరినట్టు. ఏలియా గిటారు తగిలించి మీటాడు. గోడమీద గడియారం అదిరింది. "అద్దీ!" అన్నాడు జకరయ్య.

ఏలియా భార్య వైపు చూశాడు. ఆమె గడప దగ్గరే నిలబడి, అదురుతున్న గడియారం వంక చూస్తోంది.

"ఇంకోటుంది, చూడండి" అని నాగుల్‌మీరా నన్ను బయటికి లాగి, దుమ్ము తుడిచి, గిటారు తగిలించి, స్విచ్చి వేసి, "కాస్త ఆగాలి" అన్నాడు. ఆ మాట అంటూ ఉండగానే బయట ఎవరో పిలిస్తే వెళ్లాడు.

జకరయ్య ఆగలేదు. ఆ సంగతి ఆయన చెప్పులు చూసినప్పుడే తెలుసు నాకు. "చచ్చిందిరా ఏలియా ఇది" అని మూడు బిరడాలూ ఆ చివరికి తిప్పి, చెవి నా మొహానికి ఆనించాడు. ఏలియా వద్దనబోయి, ఆ కంగారులో చెయ్యి తీగల మీద పడేశాడు.

జకరయ్య ఎగిరి స్టూలు మీద నుంచి కింద పడ్డాడు. కండువా ఒకచోట, మనిషి ఒకచోట.

"ఏందయ్యా ఇది! పందిని కోసినట్టు అరిచింది!" అని చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు. "వద్దు, వద్దు. ఆ నల్లదే కట్టించు సాయిబూ."

నాగుల్‌మీరా పరిగెత్తుకొచ్చి బిరడాలు వెనక్కి తిప్పాడు. నల్లదాన్ని కట్టడానికి తాడు వెతకసాగాడు. చేసినవాడే నన్ను గురించి ఒక మాట చెప్పలేకపోతే ఇంక నేనేం చెప్పను? మళ్లీ బల్ల కిందికే అనుకున్నాను.

అప్పుడు సంతోషమ్మ గడప దాటి లోపలికి వచ్చింది.

"ఏమయ్యా, నువ్వు రెండిట్లో వాయించు. ఒకటే పాట వాయించు" అంది మొగుడితో. స్టూలు లాక్కుని కూర్చుంది. దుకాణం వెనకే నాగుల్‌మీరా ఇల్లు. గుమ్మంలో ఆయన భార్య నూర్జహాన్ చాటలో ఎండు రొయ్యలు తలలు తుంచుతోంది. సంతోషమ్మ ఆమెతో కబురు మొదలుపెట్టింది.

ఏలియా ముందు నల్లపెట్టెలో వాయించాడు.

"రొయ్యలు ఏ ఊరివి వదినా?" అంది సంతోషమ్మ.

"ఆఁ?"

"రొయ్యలు!"

"మా ఆయన పెద్దమ్మ కొడుకులే వాళ్లు!" అని అరిచింది నూర్జహాన్. ఏం వినపడిందో ఏమో.

తర్వాత నాలో వాయించాడు. నేను నా దారిన పలుకుతున్నాను.

"రొయ్యలు ఏ ఊరివి?"

"నిజాంపట్నానివి. ఇట్టాంటివి ఇప్పుడు రావట్లా వదినా, ఇసక ఎక్కువ."

"వంకాయలో వేస్తావా, గోంగూరలోనా?"

"గోంగూరలో వేస్తే మా ఆయన తినడు. సుఖంలేని మనిషి."

"మా ఆయనా అంతే. రొయ్య కనపడకూడదు, వాసన మాత్రం రావాలి."

ఇద్దరూ మామూలు గొంతుతోనే మాట్లాడుకుంటున్నారు. ఒక్క మాట పోవడంలేదు. నా తీగల్లో ఒక్కటీ పోవడంలేదు. ఎక్కడా మేము ఒకరి మీద ఒకరు పడలేదు. రొయ్యల సంగతి అయిపోయి, పండగపాట రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి సంతోషమ్మ తల వంచుకుని, చాటలో ఒక రొయ్య తీసి తల తుంచుతూ పాడసాగింది. తనకి తెలిసినట్టు లేదు. పాట సన్నగా ఉంది. కానీ నా పక్కనే నడిచింది, ఎక్కడా తూలలేదు. ఏలియా ఆమె వంక చూడబోయి ఒక స్వరం తప్పాడు. అదీ తేటగానే వినపడింది. అది నా గుణం, ఏం చేయను.

చరణం అయ్యాక ఆమె తలెత్తింది. అందరూ తననే చూస్తున్నారు.

"ఇది తీసుకోండి. ఇది మాట్లాడనిస్తోంది" అంది.

జకరయ్య చెవిలోంచి వేలు తీశాడు. "మరి కాలవ అవతలికి?" అన్నాడు. కాసేపు నల్లపెట్టె ఎర్రలైట్ల వంక చూశాడు. "సరే కానియ్. కుదరకపోతే గుంటూరుకి ఫోను చేసేది నేనే" అన్నాడు. నన్ను ఆటోదాకా మోసిందీ ఆయనే. బండరాయి అన్నది అప్పుడే.

పండగరోజు గుడి నిండింది. ముందు ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఏలియా అరగంట ముందే నా స్విచ్చి వేసి, ఎవరూ ముట్టుకోకుండా పక్కనే నిలబడ్డాడు. సంతోషమ్మ వెనక వరసలోంచి లేచి వచ్చింది. ఆ నడక చాలా దూరం అనిపించింది నాకు. మైకు ముందు నిలబడి, కొంగు సర్దుకుని, మొదలుపెట్టింది.

మొదటి చరణం బాగా వెళ్లింది. రెండో చరణం సగంలో కరెంటు పోయింది.

మైకు ఠక్కున ఆగింది. వాల్వు పెట్టెలం మేము అట్టా ఆగిపోలేము. లోపల మిగిలిన బలంతో ఒక ఊపిరంతసేపు పలికి, మెల్లగా సన్నబడి ఊరుకుంటాం. నేను అట్టా తగ్గుతూ తగ్గుతూ ఉంటే ఆమె గొంతు నన్ను దాటుకుని ముందుకి వెళ్లింది. ఆగలేదు. ఏలియా గిటారు తీగలు కరెంటు లేకుండా దోమరెక్కల్లాగ చిన్నగా మోగుతున్నాయి. గుడిలో అంతకంటే చప్పుడు లేదు. చంటిబిడ్డల తల్లులు బిడ్డల్ని భుజాన వేసుకుని జోకొడుతున్నారు. కోళ్లు మాత్రం వాటి మాట అవి మాట్లాడుకుంటున్నాయి.

ఒకడు జనరేటరు వేయడానికి తలుపు వైపు లేచాడు. జకరయ్య వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కదిలావంటే కాలు ఇరగ్గొడతా. కూర్చో" అన్నాడు గుసగుసగా. ఆయన గుసగుస గుడి అంతా వినపడింది. సంతోషమ్మకి నవ్వొచ్చి, నవ్వుతూనే మూడో చరణం ఎత్తుకుంది. పల్లవికి వచ్చినప్పుడు జనమంతా కలిశారు. ఎప్పుడూ గోడలు అదిరేలా పాడే జనం, ఆమె గొంతు మీద తమ గొంతు పడకుండా చిన్నగా పాడారు.

పాట అయిపోయింది. పాస్టరుగారు వాక్యం చదవడానికి లేవబోయారు. జకరయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఇంకోటి పాడు తల్లీ" అన్నాడు. "కరెంటు వచ్చేలోపల పాడు."

నేను చల్లారుతూ మూలన కూర్చుని విన్నాను. ఊరుకునే పని కూడా ఒక పనే. ఆ పూట దాన్ని బాగానే చేశాను.