కార్మికుడు ‘ఏ’

ఉమాకాంత్ కుడిచేతికి అయిదు వేళ్లున్నాయి, నా కుడిచేతికి మూడు. ఆ మూడు వేళ్లతోనే వాడి సంగతి తేల్చాలని నేను రాత క్లాసులో చేరాను. ఈ వయసులో చదువు మీద మమకారం పుట్టిందని మా గల్లీలో కొందరు మెచ్చుకున్నారు. మెచ్చుకోనీ అని ఊరుకున్నాను.

సూరత్‌లో పాండేసరా అనే పేటలో ఒక మరమగ్గాల షెడ్డులో నా సగం వయసు పోయింది. అక్కడి మేనేజరు ఉమాకాంత్ మా కులపోడే, మా పక్క ఊరోడే, వరసకు అల్లుడు. డిగ్రీ చదివాడు. అద్దాల క్యాబిన్‌లో కూర్చునేవాడు. ఒక దీపావళి ముందు ఆర్డర్లు మీద పడ్డాయి. మోటారు బెల్టులకు అడ్డంగా ఇనుప జాలీలుంటాయి. వాటికి దారపు పొట్టు పట్టుకున్నప్పుడల్లా మగ్గం ఆపి దులపాలి. ఆపితే గుడ్డ తగ్గుతుంది. ఉమాకాంత్ ఫిట్టరును పిలిచి జాలీలన్నీ విప్పించాడు. ఆ వారంలోనే నా చెయ్యి బెల్టులోకి పోయింది.

చేతికి గుడ్డ చుట్టుకుని ఆటో కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాను. అద్దం అవతల ఉమాకాంత్ షెడ్డు యజమాని సేఠ్‌తో మాట్లాడుతున్నాడు. మగ్గాల మోతలో మాట వినపడదు. కానీ ఆ మోతలో బతికినవాళ్లం మేం. చేతులతో మాట్లాడతాం, పెదాలు చూసి వింటాం. వాడి పెదాలు నాకు స్పష్టంగా కనపడ్డాయి. ‘పీకే ఆయా థా, లిఖ్ దేతా హూఁ సేఠ్. ఇస్కో పఢ్‌నా కహాఁ ఆతా హై.’ తాగి వచ్చాడని రాసేస్తానంటున్నాడు. వీడికి చదవడం ఎక్కడొచ్చునంటున్నాడు.

అన్నట్టే గుజరాతీలో రాశాడు. నాకు చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే.

నేను మందు ముట్టను. మా ఆవిడ నర్సవ్వ తండ్రి తాగి తాగి పోయాడు. పెళ్లినాడు ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే. ఒప్పుకున్నాను, ఇప్పటిదాకా తప్పలేదు. కానీ ఆ రిపోర్టుతో పరిహారం పోయింది, ఏ షెడ్డులోనూ నన్ను గేటు దాటనివ్వలేదు. నవాగామ్‌లో ఒక గోదాము ముందు కుర్చీ వేసుకుని కూర్చునే పని దొరికింది. అదంతా ఓర్చుకున్నాను. మార్కండేయ జయంతి నాడు ఎప్పటిలాగే పల్లకి బొంగు భుజాన పెట్టుకోబోతే మా కుల సంఘం అధ్యక్షుడు దగ్గరికొచ్చి, "నువ్వు వద్దులే పరుశురాం, దేవుని పని" అని బొంగు తీసి ఇంకొకడి భుజాన పెట్టాడు. నర్సవ్వ జనం మధ్యనుంచి తల వంచుకుని ఇంటికి నడిచిపోయింది. ఇది మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆ వంగిన తల లేవాలి, వాడి తల వంగాలి. నాకు రెండూ కావాలి.

డిండోలిలో మా సంఘం హాలు మేడమీద ఆదివారం పొద్దున నవత క్లాసు పెట్టేది. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఒక ఎగుమతి ఆఫీసులో ఉద్యోగం, మరోపక్క యూనివర్సిటీలో పరిశోధన. మిల్లుల్లో ఆఫీసు పనికి పోవాలనుకునే పిల్లలకు ఉత్తరాలు, ఈమెయిళ్లు, రిపోర్టులు రాయడం నేర్పేది. దూరవిద్య కోర్సులు చేసేవాళ్లకు ప్రాజెక్టులు రాయడం నేర్పేది. అందరూ ఒకే గదిలో. క్లాసుకు ఒక పద్ధతుంది. రాసింది పైకి చదవాలి. ఏ వాక్యం దగ్గరైనా ఎవరైనా ‘ఎట్ల తెలుసు?’ అని అడగవచ్చు. జవాబు లేకపోతే ఆ వాక్యం కొట్టెయ్యాలి.

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు రాసిన నా మొదటి ఫిర్యాదు చదివినప్పుడు నవత చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వు కనపడకుండా.

"కాకా, ఇది ఫిర్యాదా, శాపమా?"

"రెండూ బిడ్డా."

"‘వాని వంశం మట్టిగొట్టుకపోను’ అని రాసినవ్. ఇన్‌స్పెక్టర్ సాబ్ దీన్ని ఏం జెయ్యాలె? వంశానికి నోటీసు ఇయ్యాల్నా?"

పిల్లలంతా గొల్లుమన్నారు. ఎర్ర పెన్ను పట్టుకుని ఆమె కొట్టేసుకుంటూ పోయింది. దుర్మార్గుడు పోయింది, పాము పోయింది, దేవుడు చూస్తాడు పోయింది. చివరికి నా పేరు, తారీఖు మిగిలాయి. ఆ ఎర్రగీతలు చూస్తుంటే బెల్టు రెండోసారి చేతిని లాగినట్టయింది. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేసింది. వాడి పేరు రాయగానే తిట్టు దానంతటదే వచ్చేది.

ఒక ఆదివారం నేను కిటికీ దగ్గర నిలబడితే, షెడ్డులో నా జోడీదారుగా ఉన్న రాములు కింద రోడ్డవతల చాయ్ బండి దగ్గర కనపడ్డాడు. లారీల రొద. వాడు చేతులతో అడిగాడు, నేను చేతులతో చెప్పాను. రెండు వేళ్లు పోయాక నా చేతికి నత్తి వచ్చింది, అయినా రాములుకు అర్థమవుతుంది.

"ఏం చెప్పినవ్ కాకా?" అంది నవత వెనకనుంచి.

"క్లాసు అయిపోలే, చాయ్ వద్దు, నువ్వు తాగి పో అన్న."

"అండ్ల తిట్టు లేదా?"

"మగ్గం నడుస్తుంటె తిట్టే తీరిక ఏడుంటది బిడ్డా? దారం తెగింది, ఫలానా మగ్గం, జెల్ది రా. బీముకు చుట్టిన దారం ఒడిసింది, మగ్గం ఆపు. గంతే."

ఆమె నా చేతిలో పెన్ను పెట్టింది. "గట్లనే రాయి. షెడ్ల చేతులతోని చెప్తున్నట్టు."

బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పెన్ను ఇరికించుకుని కూర్చున్నాను. జాలీ తీయించారు. మగ్గం ఆపలేదు. బెల్టు చెయ్యి లాగింది. నేను తాగి లేను. అంతే వచ్చింది. పైకి చదివి చూసుకున్నాను. తిట్లున్న కాగితం కంటే ఇది వాణ్ణి గట్టిగా కొడుతుందని తెలిసింది. కానీ క్లాసులో పిల్లవాడొకడు లేచి, "తాగలేదని ఎట్ల తెలుసు కాకా?" అన్నాడు. నాకు తెలుసు, నర్సవ్వకు తెలుసు. ఆ జవాబు చాలదన్నారు. వాక్యం కొట్టేశారు. నేను వచ్చిందే ఆ వాక్యం కోసం.

తరవాతి నెలలో ఉమాకాంత్ అదే క్లాసుకు వచ్చాడు.

సేఠ్ తన షెడ్లన్నిటికీ కలిపి ఒక సేఫ్టీ ఆఫీసరును పెడుతున్నాడు. ఆ కుర్చీకి డిప్లొమా కావాలి, డిప్లొమాకు ప్రాజెక్టు కావాలి. సెంటు వాసనతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఏం మామా! నువ్వు గూడ ఈడనేనా? మంచిదే, టైంపాస్ అయితది."

"అయితది అల్లుడా."

తరవాత లేచి, గొంతు సవరించుకుని తన ప్రాజెక్టు చదివాడు. దాని పేరు ‘మద్యపానం వలన మగ్గాల షెడ్లలో ప్రమాదాలు: ఒక పరిశీలన’. అందులో ‘కార్మికుడు ఏ’ అని ఒకడున్నాడు. వాడు మత్తులో పనికి వచ్చాడు, హెచ్చరించినా వినలేదు, నడుస్తున్న బెల్టులో చెయ్యి పెట్టాడు, రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అదే గదిలో నేను కూర్చుని ఉండగా వాడి గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. పేరు రాయలేదు కదా అని ధీమా. పిల్లలు ఒక్కొక్కరే తిరిగి నా చేతివైపు చూశారు. నవత కూడా చూసింది.

నా చెయ్యి బల్ల కింద పిడికిలయింది. లేచి వాడి కాలరు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే, తాగి వచ్చాడని మళ్లీ రాస్తాడు.

"ఒక్క మాట అల్లుడా," అన్నాను కూర్చునే. "ఆ కార్మికుణ్ణి అడిగినవా?"

"ఏమని అడగాలె మామా?"

నవత అందుకుంది. "ఒక మనిషి మీద ప్రాజెక్టు రాస్తే ఆయన సమ్మతి సంతకం కావాలె భాయ్. లేకుంటె మీ కాలేజీ వాపస్ పంపిస్తది. నియమం అది."

ఉమాకాంత్ ముఖంలో రంగు మారింది. సెంటు వాసన మాత్రం అలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం ఘారీల మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విప్పాడు. నర్సవ్వను అత్తా అని పిలిచాడు. ఆ పిలుపు ఆమె చెవిన పడి చాలా ఏళ్లయింది.

"జెర సంతకం పెట్టు మామా. నీ పేరు యాడ రాదు. నాది కెరియర్ ముచ్చట."

"సంతకం సంగతి ఆదివారం క్లాసుల చూద్దాం. ముందుగాల నువ్వొకటి రాయి. ఆనాడు ఏమైందో ఒక్క పేజీ. మీ అత్తకు చదివి వినిపియ్యాలె. ఆమె మనసుల అది ముల్లు లెక్క ఉన్నది."

వాడు నన్ను, నా మూడు వేళ్లను, గోడకు ఆనుకుని నిలబడ్డ నర్సవ్వను చూశాడు. లెక్క వేసుకున్నాడు. "ఇంగ్లీషుల రాయాల్నా, తెలుగులనా?"

"మాకు వచ్చిన దాంట్లనే రాయి."

వాడి భుజాలు తేలికపడ్డాయి. సూరత్‌లో తెలుగు కాగితానికి దిక్కెవరని అనుకున్నట్టున్నాడు. చాప మీద కూర్చుని గబగబా రాసి ఇచ్చాడు. ‘దురదృష్టవశాత్తు ఆ రోజు బెల్టుకు జాలీ లేదు’ అని మొదలుపెట్టాడు.

"దురదృష్టం తీసెయ్. జాలీ ఎందుకు లేదు? కాకెత్కపోయిందా?"

"తీసిన్రు మామా."

"ఎవరు?"

"ఫిట్టర్."

"ఫిట్టర్‌కు కల వచ్చిందా?"

వాడు పెన్ను నమిలాడు. "నేనే చెప్పిన."

"గదే రాయి. పూరా పేజీ మళ్ల రాయి, కొట్టివేతలుంటె మీ అత్తకు నచ్చదు."

మళ్లీ రాశాడు. ఈసారి నా తాగుడు మాట దాటేసి పోయాడు. వేలు పెట్టి ఆ ఖాళీ చూపించాను.

"నేను తాగి ఉంటినా?"

"...లేవు."

"నీకెట్ల తెలుసు?"

"నీ పక్కనే నిలవడ్డ గద మామా. వాసన లేదు, ఏం లేదు."

"అట్లయితె అది గూడ రాయి. వాసన లేదు, ఏం లేదు."

కాగితం మళ్లీ మొదటికి వచ్చింది. నవత నా కాగితాలను ఎన్నిసార్లు తిప్పికొట్టిందో అన్నిసార్లు వాడి కాగితం తిప్పికొట్టాలనిపించింది, కొట్టాను. ఒకసారి తారీఖు లేదని, ఒకసారి రిపోర్టు ఎవరు రాశారో లేదని, ఒకసారి అక్షరం బాగాలేదని. కాలేజీ చదివిన ఆ చెయ్యి మా చాప మీద పెన్ను వదిలి వేళ్లు విరుచుకుంది. ఇంత కమ్మటి సాయంత్రం నాకు ఈ ఊళ్లో ఎప్పుడూ దొరకలేదు. చివర వాడి పూర్తి పేరు, హోదా, సంతకం.

నర్సవ్వకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, ఘారీల డబ్బా తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఇంటికి తీస్కపో నాయనా. మస్తు రాసినవ్, అలిసిపోయినవ్. తిను."

వాడు గుమ్మం దగ్గర నవ్వి, "ఫ్రేం కట్టించుకో మామా" అని బండి ఎక్కాడు.

నవత ఆ పేజీని రెండుసార్లు చదివి నా కళ్లలోకి చూసింది.

"కాకా, ఇది కోపంతోని చేస్తున్నవ్ గదా?"

"కోపంతోనే బిడ్డా. కాయితం మీద యాడన్న కనవడ్తుందా?"

"లేదు."

"అట్లయితె గుజరాతీల దించి ముద్ర ఏయించు."

ఆదివారం నా వంతు వచ్చింది. ఉమాకాంత్ ముందు వరసలో సమ్మతి కాగితం బల్ల మీద పరుచుకుని, పక్కన పెన్ను కూడా పెట్టి కూర్చున్నాడు. నేను లేచి నా ఫిర్యాదు చదివాను. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గారికి. విషయం: జాలీ లేని బెల్టు వలన ప్రమాదం, తప్పుడు రిపోర్టు గురించి. మేనేజరు ఉమాకాంత్ జాలీలు తీయించారు. బెల్టు నా చెయ్యి లాగింది. నేను తాగి లేను.

వాడు ఉలిక్కిపడి లేచాడు. "తాగలేదని ఎట్ల తెలుసు?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. వాడే అడుగుతాడని ఆశపడలేదు.

"నువ్వే రాసినవ్ అల్లుడా. జతపరచినవి, మొదటిది."

గదిలో ఒక్కరూ నవ్వలేదు. వాడు నవతవైపు తిరిగాడు. "మేడం, అది తెలుగు కాయితం! ఆఫీసుల ఎవడు చదువుతడు?"

"గుజరాతీ అనువాదం రెండోది భాయ్. నోటరీ ముద్ర ఉన్నది," అంది నవత.

నేను చివరి వరస చదివాను. నకళ్లు: డిప్లొమా కాలేజీకి, మా సంఘం అధ్యక్షులకు. కింద అంతస్తులోనే ఉన్న అధ్యక్షుడికి పొద్దున వస్తూ వస్తూ నా చేత్తోనే ఇచ్చాను. మిగతావి నిన్ననే పోస్టులో వేశాను. నకలు చదివి ఆయన, "జయంతికి రా పరుశురాం" అన్నాడు, నా ముఖం చూడకుండా. "నా ఇంటామె ముందల చెప్పున్రి ఆ మాట" అన్నాను. వస్తానన్నాడు.

తరవాత వాడి బల్ల దగ్గరికి నడిచి, వాడి పెన్నే తీసుకుని, సమ్మతి కాగితం మీద ‘సమ్మతి లేదు’ అని రాసి సంతకం పెట్టాను. మూడు వేళ్ల రాత వంకరగా ఉంటుంది. చదవడానికి మాత్రం ఇబ్బంది లేదు.

వాడు మెట్లు దిగి రోడ్డు దాటి, చాయ్ బండి పక్కన ఆగి పైకి చూశాడు. లారీలు పోతున్నాయి. ఏదో అరుస్తున్నాడు. కిటికీలోంచి వాడి పెదాలు స్పష్టంగానే కనపడ్డాయి. ‘మామా, వాపస్ తీసుకో. పిల్లలున్నరు మామా.’

నేను చెయ్యి ఎత్తి జవాబు చెప్పాను. బీము అయిపోయింది, మగ్గం ఆపు. ఇన్నేళ్లు అద్దాల వెనక కూర్చున్నవాడికి ఆ భాష రాదు. తెల్లబోయి చూస్తూ నిలబడ్డాడు. వాడి పక్కనే చాయ్ తాగుతున్న రాములుకు వచ్చు. రాములు గ్లాసు బండి మీద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు.