గంజి పోసే చోటు

మా ఆవు అచ్చిరాలేదని మా అత్తగారు హనుమాయమ్మగారు తేల్చేశారు.

పెళ్ళికి మా నాన్న ఇచ్చిన ఆవు అది. పిల్ల రోజుకు రెండుసార్లు కాఫీ తాగుతుంది, అత్తవారింట పాలకు మొహమాటపడుతుందేమోనని ఆయన బెంగ. భవానీపురానికి నాతోపాటే వచ్చింది. ఈ ఐదేళ్ళలో మూడు దూడలు పోయాయి. నాలుగోది, నాలుగు నెలల పెయ్య, ఇప్పుడు నెత్తురు జీరలతో పారుకుంటోంది.

"కొన్ని పశువులు కొన్ని ఇళ్ళకు పడవు," అన్నారు అత్తగారు. ఆ మాట అంటూ నావైపు చూడకుండా ఉండడం ఆవిడ మర్యాద. నాకూ పిల్లల్లేరు.

బుధవారం బేరగాడు జక్కయ్య వచ్చి ఆవునూ పెయ్యనూ సంతకు తోలుకెళ్ళేట్టు నిర్ణయమైపోయింది. మా ఆయన వాళ్ళమ్మ ఒకటీ నేనొకటీ అన్నప్పుడల్లా మగ్గం గుంటలోకి దిగి కూర్చునే మనిషి. ఆ వారం రెండు చీరలు ఎక్కువ దిగాయి.

సోమవారం పొద్దున్నే పెయ్య పేడ కాస్త కాఫీపొడి డబ్బాలో పెట్టి, మూత బిగించి, జట్కా ఎక్కి బెజవాడ పశువుల ఆసుపత్రికి పోయాను. డబ్బా చూసి డాక్టరు తిరుపతిరావుగారు సిగ్గుపడ్డారు.

"ఎందుకండీ ఇవన్నీ," అన్నారు. మూత తీశాక ఆ మాట మళ్ళీ అనలేదు.

"ఇంట్లో మగవాళ్ళు లేరామ్మా?"

"ఉన్నారండీ. ఇంటర్లో జంతుశాస్త్రం చదివింది మాత్రం నేను. మీరు చూశాక మైక్రోస్కోపులో నన్నూ ఒకసారి చూడనివ్వండి."

ఆయన చాలాసేపు చూసి, లేచి తన కుర్చీ నాకిచ్చారు. గోధుమరంగు గుడ్లు. రెండు కొసలా బిరడాలు బిగించిన బుల్లి పీపాల్లా ఉన్నాయి. కాలేజీ పుస్తకంలో బొమ్మగా చూసినవే. వాటిని పెట్టే పురుగు అచ్చం చెర్నాకోలలా ఉంటుంది. ఒక కొస దారమంత సన్నం, రెండోది పిడిలా లావు. సన్నటి కొసను పేగులోకి దూర్చుకుని అక్కడే కాపురం పెడుతుంది.

"మందు?" అన్నాను.

"యుద్ధం కదమ్మా, ఏ మందూ సరిగ్గా రావడం లేదు. ఉన్న పొడి ఇస్తాను. దీనిమీద పనిచేస్తుందని మాటివ్వలేను. అసలు సంగతి నేలలో ఉంది. పేడతో పడిన గుడ్లు తడీ నీడా ఉంటే ఏళ్ళ తరబడి చావవు. మీ పెయ్య మట్టి నాకుతుందా?"

"లేదండీ, గంజి..." అని ఆగిపోయాను.

మాది నేతవాళ్ళ ఇల్లు. పడుగు నూలుకు పట్టించగా మిగిలిన గంజిని ఎవరూ తొక్కకూడదు. అన్నం కదా! అందుకని వీధిలో పొయ్యరు, పెరట్లో పొయ్యరు. మనుషుల కాలు పడని చోటు మా ఇంట్లో ఒక్కటే, కొట్టంలో దూడను కట్టే గుంజ మొదలు. మా అత్తగారి అత్తగారి నాటినుంచీ అక్కడే పోస్తున్నారు. చూరు కింద ఎండ పడదు, గంజి పోస్తుంటే తడి ఆరదు. పుట్టిన ప్రతి దూడనూ ఆ గుంజకే కడతాం. అది గంజివాసనకు ఆ నేలను మట్టితో సహా నాకుతుంది. ఇంత భక్తిగా రోగం పెట్టే ఇల్లు ఇంకోటి ఉండదు.

బుధవారం జక్కయ్య వచ్చేసరికి పెయ్య కొట్టంలో లేదు. పడుగులు సాచే ఆవరణలో, పొద్దుటి ఎండలో, పొడినేలమీద కట్టేశాను.

అత్తగారు గుమ్మంలోంచే కేకేశారు. "పడుగు సాచే చోట పశువా! నూలుమీద పేడ వేస్తే ఏం చేస్తావే?"

"ఉతుకుతానత్తయ్యా. చచ్చిన దూడనైతే ఉతికి బతికించలేను."

"నీ చదువు నా దగ్గర చూపించకు. జక్కయ్యా, ఆవు పలుపు విప్పు."

జక్కయ్య పలుపుమీద చెయ్యి వేశాడు. నేను రెండో కొస పట్టుకున్నాను.

"నన్నూ తోలుకెళ్ళు జక్కయ్యా. ఆవూ నేనూ ఒకేరోజు వచ్చాం. అచ్చిరాకపోతే ఇద్దరమూ అచ్చిరాలేదు."

"నాకు మనుషుల బేరం తెలవదమ్మా," అంటూ అతను చెయ్యి తీసేశాడు.

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"తప్పు ఆవుది కాదత్తయ్యా, గంజి పోసే చోటుది," అని డాక్టరు చెప్పిందంతా చెప్పాను. "ఈ ఆవు రాకముందు ఆ గుంజకు కట్టిన దూడలు ఎన్ని బతికాయో చెప్పండి."

"ఎందుకు బతకలేదూ! ఎర్రావు దూడ..." వేలు ముడిచారు. "అది పారుకుని పోయిందిలే. తర్వాత కపిలది..." రెండో వేలూ ముడిచారు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. "మచ్చలావు కోడెదూడ! అది బతికింది, చూశావా?"

"ఏదీ, ఎక్కడుంది?"

"ఎక్కడేమిటి! ఈనిన వారానికే మా తమ్ముడు తల్లితో సహా తోలుకుపోయాడు," అన్నారు. అన్నాక ఆ మూడో వేలిని ముడవాలో చాపాలో ఆవిడకు తెలియలేదు. జక్కయ్య కూడా ఆ వేలినే చూస్తున్నాడు.

నేను ఆగలేదు. గునపం తెచ్చి గుంజ మొదట్లో దించాను.

"మా మామగారి తాతలనాటి గుంజే అది!"

"అందుకేనండీ లోతుగా ఉంది."

మన్ను పుల్లటి కంపు కొట్టింది. జానెడు లోతు తవ్వినా తడే. ఆవిడ ముక్కు మూసుకున్నారు కాని పక్కకు పోలేదు.

"మరి గంజి ఎక్కడ పొయ్యమంటావు? కాలు పడితే మాత్రం ఊరుకోను."

"కుడితి తొట్టిలో పోద్దాం. అందులో కాలు పెట్టేవాళ్ళు మనింట్లో ఎవరూ లేరు."

పెయ్య బతుకుతుందని డాక్టరు మాటివ్వలేదు. నేనూ ఎవరికీ ఇవ్వలేదు. ఆవరణలో అది నీరసంగా నిలబడి ఎండుగడ్డి వాసన చూస్తోంది. నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

"జక్కయ్యా," అన్నారు అత్తగారు చివరికి, "ఊరికే నిలబడ్డావేం? ఆవు లేదు, ఏమీ లేదు. పిల్ల చేతిలో ఆ గునపం అందుకో."

అతను చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.