జీడి పొగ, బత్తాయి నూనె

రవికుమార్ సీసా మూత తీసి, సన్నటి కాగితం కొసను నూనెలో ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. విశాఖపట్నంలో సబ్బులు చేసేవాళ్లకు సుగంధ తైలాలు కొనిపెట్టే మనిషి. అతను ఊఁ అంటే రత్నాలమ్మ ఇక జీడిపిక్కల ఫ్యాక్టరీ గేటు దాటనక్కర్లేదు.

రెండు నెలలుగా ఆ ఒక్క ఊఁ కోసమే బతికింది. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జ్యూస్ బళ్ల దగ్గర పారబోసే బత్తాయి తొక్కలు సంచులకెత్తి తెచ్చింది. పైపొర చెక్కి, పెరటి రేకుల షెడ్డులో పెద్ద గిన్నెకు మూత బిగించి ఉడికించింది. ఆవిరి గొట్టంలోంచి చల్లనీళ్ల తొట్టి దాటి, చుక్కలై సీసాలోకి రాలి, నీటి మీద పచ్చటి నూనె తేలినప్పుడల్లా చిన్నపిల్లలా పొంగిపోయింది. పొయ్యిలోకి జీడి పెంకులే. పలాసలో పెంకులుండగా కట్టెలు కొనే వెర్రివాళ్లెవరు?

రవికుమార్ మరోసారి వాసన చూసి కాగితం పక్కన పెట్టేశాడు.

"పొగ వాసనమ్మా. జీడి పొగ."

"పొగేటి బాబూ? సరిగ్గా సూడండి." లాక్కున్నట్టే తీసుకుని పీల్చింది. బత్తాయి. ఒట్టి బత్తాయి. భర్తను పిలిచింది. పైడిరాజు తనివితీరా పీల్చి, "బత్తాయే గదే! బాబుకి జలుబు సేసినట్టుంది" అన్నాడు. గోడ మీంచి చూస్తున్న పక్కింటి అప్పలమ్మ కూడా వచ్చింది. "కమ్మగుందొదినా. ఆయనొద్దంటే నాకిచ్చీ, తలకి రాసుకుంతాను."

రవికుమార్ నవ్వాడు. నొప్పించని నవ్వే. "మీకెవరికీ తెలీదమ్మా. నాకు పలాసలో రైలు దిగగానే తెలిసింది. పుట్టినప్పట్నుంచీ పీల్చే గాలి మీకేం తెలుస్తుంది?"

"గ్యాసు మీద సేత్తాను."

"చెయ్యొచ్చు. కానీ షెడ్డుకీ సంచులకీ కూడా పట్టేసింది. పోయిందో లేదో చూసేదెవరు?"

అతను వెళ్లిపోయాడు.

పైడిరాజు ఏదో అంటున్నాడు. రత్నాలమ్మ చెవికెక్కడం లేదు. విశాఖ హాస్టల్లో చదివే కూతురు ప్రవల్లిక గుర్తొచ్చింది. ఇంటికొచ్చి వెళ్లేటప్పుడు తన బట్టలు తల్లిని సర్దనివ్వదు. వెళ్లాక అన్నీ మళ్లీ ఉతుక్కుంటానని ఒకసారి నోరు జారింది. చదువుకున్న పిల్ల గీర అనుకుంది తను. గీర కాదు. దానికి తెలుసు, చెప్పలేకపోయింది. ఒకసారి చూడ్డానికి వెళ్లి ఆ హాస్టల్ గదిలో తను కూర్చోగానే ఒకమ్మాయి లేచి కిటికీ తెరిచింది. ఉక్కగా ఉందనుకుంది. ఇంకా ఏమేమున్నాయి తనలో, అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియనివి? ఆ ఆలోచనకు అడుగు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లింది.

"ఒచ్చీసినావేటి? సెంటు యాపారం అయిపోనాదా?" గేటు దగ్గర మేస్త్రి ధనరాజు వేళాకోళమాడాడు.

లోపల పిక్కలు వేగుతున్నాయి. పొగగొట్టం నల్లగా కక్కుతోంది. రత్నాలమ్మ అక్కడే నిలబడి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది.

ఏమీ లేదు.

వెనక నుంచి వచ్చే ఆడవాళ్లు తోసుకుంటే లోపలికి నడిచింది.