ఊపిరి వేషం

మైకుకు జానెడు దూరంలో మొహం పెట్టి, నోరు కొంచెం తెరిచి, అతను ఊపిరి తీస్తున్నాడు. లోపలికి ఒకటి. కాస్త ఆగి, గరగరమంటూ బయటికి ఒకటి. రేడియో నాటకంలో స్పృహ తప్పిన భర్త వేషం అతనిది. నాలుగు నెలలుగా రోజూ మధ్యాహ్నం పావుగంట ఇదే పని. ఒక్క మాటా లేదు. స్టూడియోలో అందరికీ అతను ఊపిరాయన.

అంతకుముందు ఇరవై రెండేళ్లు, ఈ నాటకానికి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీలోనే, సబ్బు ఉడికే బానల దగ్గర పనిచేశాడు. ఆ ఆవిర్లకు చేతుల మీద చర్మం ఉల్లిపొరలా లేచిపోయేది. ఛాతీ పాడయ్యాక గేటు దగ్గర కూర్చోబెట్టారు. అటుగా వచ్చిన నాటకం డైరెక్టరు అతని ఆయాసం విని, "ఇంత సహజంగా ఎవడు చేస్తాడు!" అని వెంట తీసుకొచ్చాడు. జన్మలో అతనికి దక్కిన మెప్పు అదొక్కటే.

రిహార్సల్ ఆగినప్పుడు, భార్య వేషం వేసే నటి పత్రిక మడిచి పక్కన పెట్టింది.

"చూశావా బాబాయ్, మన నాటకాల్ని సోప్ ఒపేరాలంటున్నారు."

"అంటే ఏంటమ్మా?"

"ఒపేరా అంటే పాటలతో ఆడే పెద్ద నాటకం. రాజులూ రాణులూ గొంతెత్తి పాడుతూ ఏడుస్తారు, పాడుతూనే చస్తారు. మనమూ రోజూ ఏడుస్తాంగా? ఏడుపు మధ్యలో సబ్బులమ్ముతాం. అందుకని ముందు సోప్ తగిలించారు. వెక్కిరింపులే."

అతను మైకు వైపు చూశాడు.

"నాకు పాట రాదే."

నటి పగలబడి నవ్వింది. అతనూ నవ్వబోయాడు గానీ దగ్గు అడ్డొచ్చింది.

ఇంతలో డైరెక్టరు వచ్చాడు. "ఈరోజుతో నీ వేషం అయిపోయిందయ్యా. రోగిని చంపెయ్యమన్నారు కంపెనీవాళ్లు. బట్టలుతుక్కుంటూ వినే ఆడవాళ్లకి ఆ ఆయాసం వింటే దిగులేస్తోందట. సబ్బు మాట చెవికెక్కట్లేదట."

"మరి, గేటు దగ్గరికి..."

"అక్కడ వేరేవాణ్ణి పెట్టేశారుగా."

ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఊపిరి నెమ్మదించింది. డైరెక్టరు వేలు దించగానే అతను బిగబట్టాడు. నటి ఒక్క కేక పెట్టింది. వెనువెంటనే ప్రకటన చదివే మనిషి తేనెలాంటి గొంతుతో నురగ గురించీ తెలుపు గురించీ అందుకున్నాడు. అదంతా అయ్యేదాకా అతను చొక్కా చేతిని నోట్లో కుక్కుకుని దగ్గును మింగాడు. దీపం ఆరాక నటి అతని భుజం తట్టి, మరో నాటకానికి పక్కగదిలోకి పరుగెత్తింది.

ఇంటికొచ్చేసరికి భార్య కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"రేడియోలో అంత బాగా పోవాలా మీరు? పక్కింటి వదినైతే ఒకటే ఏడుపు."

"పని పోయింది" అన్నాడు.

ఆమె చాప పరిచింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అతనికి వీపు తిప్పి కూర్చుని, ఆరిన బట్టలు మడతపెట్టసాగింది. పొద్దు వాలుతోంది. వెనకనుంచి గరగరమంటూ ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది.

"చాల్లెండి, ఇంట్లో కూడానా వేషాలు!" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

చేతిలో ఉన్న చీర అంచులు కలిపి పూర్తిగా మడిచింది. అప్పుడు వెనక్కి తిరిగింది. అతని వీపు కదలడం లేదు.

కిటికీలో అతని దగ్గుమందు సీసా ఉంది. దానికి అంటించిన మోతాదుల కాగితం మీద ఎనిమిది గీతలు. మూడో గీత వరకే మందు ఖాళీ అయింది.