దారం కట్టిన కోడిజుట్టు

ప్రమోదిని పెద్దకర్మ నాడే ఆమె దాచిన విత్తనాలూ పోయాయి. ఆ సంగతి నాకు నెల దాటాక గాని తెలియలేదు.

నా భార్య ప్రమోదిని ఏటా పెరట్లో కోడిజుట్టు పూలు పెంచేది. ఎర్రటి మఖమలు ముద్దలాంటి పువ్వు. కోసిన తర్వాత కూడా చాలా రోజులు రంగు దిగదు. విత్తనం దులిపి, ఎండబెట్టి, ఒక పాత నేతచీర కొంగున ముడివేసి పెట్టె అడుగున దాచేది. డబ్బాలో అయితే చెమ్మ పడుతుందని ఆమె భయం. పోయినవాళ్ల బట్టలు పెద్దకర్మ నాడు చాకలికి ఇవ్వడం మా ఇంటి ఆచారం. మా అక్క ఆ పెట్టె ఖాళీ చేసి, చీరలన్నీ మూటకట్టి పైడయ్యకు ఇచ్చింది. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను.

ఫాల్గుణం చివర్లో వరహాలమ్మ వచ్చింది. బారువ నుంచి మా వీధికి చేపలు తెచ్చే మనిషి. గంప దించి పెరటివైపు తొంగి చూసింది.

"ఏటి మాస్టారు బాబూ, ఇంకా మడి సెయ్యనేదా? పడవలు దిగే యేలకి పువ్వులెలా అందుతాయి?"

వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట నిషేధం. అది ముగిసి పడవలు దిగే రోజున, ఆమె కొడుకు కామేశ్ పడవ ముక్కుకు మా పెరటి పూలే కడతారు. ఉప్పుగాలికి అవి వాడవు. ఆమె భర్త లోకనాథం వేటకెళ్లి గాలివానలో చిక్కుకుని తిరిగిరాని ఏడు, ఆ పడవకు కట్టినవి కాశీబుగ్గ బజార్లో కొన్న బంతిపూలు. అప్పటినుంచి వరహాలమ్మ పడవకు కొన్న పువ్వు కట్టనివ్వదు. నేను సైన్సు చెప్పేవాణ్ణి. పువ్వుకూ గాలివానకూ సంబంధం లేదని నాకు తెలుసు. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. పలాసలో డయాలసిస్ అయ్యాక ఆటోలో ఇంటికి వస్తూ ప్రమోదిని ఒకసారి, "వచ్చే ఏడు కూడా వరహాలమ్మకి పూలిస్తానని చెప్పాను" అంది. ఆ ఏడు ఇదే.

"వేస్తాను" అన్నాను.

పెట్టె తెరిస్తే అడుగున కాగితం పరిచి ఉంది, అంతే. సైకిలు తీసుకుని పైడయ్య ఇంటికి వెళ్లాను.

"ముడిలోవా? నల్లగా, ఆవాల కంటే సన్నంగా ఉన్నాయి. మా ఆడది వాకిట్లో దులిపేసింది బాబూ" అన్నాడు పైడయ్య. "కోళ్లు ఒక్క గింజ మిగల్చనేదు. కోడిజుట్టు గింజలని వాటికెలా తెలిసిందో!"

నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. అతని భార్య కుసుమ లోపలికి వెళ్లి చీర తెచ్చింది. మడత కూడా మారలేదు.

"అమ్మగోరి సీర. కట్టబుద్ది కానేదు బాబూ."

కొంగు అంచు కుట్టు విప్పాను. మడతలో ఇరుక్కున్న గింజలు కొన్ని అరచేతిలో రాలాయి. చిటికెడు కూడా లేవు. ఊపిరి వదిలితే ఎగిరిపోతాయేమోనని చెయ్యి మూసుకున్నాను.

గింజల్ని ఇసుకలో కలిపి చల్లాలి, పైన మన్ను కప్పకూడదు. అంతవరకు చూసి ఉన్నాను. తడి గోనె ఎంతసేపు కప్పాలో చూడలేదు. ఎండకు మాడతాయని కప్పేవాణ్ణి, కుళ్లుతాయని తీసేవాణ్ణి. చీమల కోసం చుట్టూ బూడిద పోశాను. బడిలో పాఠం మధ్యలో గోనె కప్పానో లేదో గుర్తుకు రాక, బోర్డు మీద సగం రాసిన వాక్యం ముందు నిలబడిపోయేవాణ్ణి.

ఎర్ర కాడలతో మొలకలు వచ్చాయి. కొన్ని మొదట్లోనే వాలిపోయాయి. ఇంకొన్నిటిని పక్కింటి మేక తినేసింది. వైశాఖంలో సముద్రం వైపు నుంచి గాలి లేచి, జీడితోటల దుమ్మంతా వీధిలోకి తెచ్చిన రోజున మిగిలినవి విరిగాయి. ఒక్క మొక్క మాత్రం నిలబడింది. దానికి వెదురుపుల్ల కట్టి, చుట్టూ తడక పెట్టాను. మొగ్గ వేసింది. పువ్వు నా పిడికిలంత అయింది.

విత్తనానికి వదిలే పువ్వు కాడకు ప్రమోదిని తెల్లదారం కట్టేది. దారం ఉన్న పువ్వును దేవుడి కోసమైనా కోసేది కాదు. నేనూ ఈ పువ్వుకు దారం కట్టాను. ఎందుకు కడుతున్నానో తెలిసే కట్టాను.

పడవలు దిగడానికి ముందురోజు సాయంత్రం వరహాలమ్మ వచ్చింది. తడక మీంచి చూసింది.

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"పోన్లే, పెద్దదే. ఒక్కటి సాలు." అంతలో కాడ మీద ఆమె చూపు ఆగింది. "దారం కట్టేసినావేటి?"

"విత్తనానికి."

"బాగుంది బాబూ. పడవకీ అదే, ఇత్తనానికీ అదే. కత్తిపీట తే, సగం సగం సేద్దాం." తన మాటకు తనే నవ్వింది.

"సముద్రం ఎలా ఉంది?" అన్నాను.

"పోటు మీదుంది. ఇంకో దినం ఆగరా అంటే కామేశు ఇనడు. తెల్లారగట్లే దిగుతాడట." కొంగుతో చేతులు తుడుచుకుంది. "అమ్మ కట్టిన దారమైతే నానడగను. నువ్వు కట్టినావు. ఇప్పితే నువ్వే ఇప్పాల."

వెళ్తూ గంప మా అరుగు మీదే వదిలేసింది.

ఆమె వెళ్లాక పువ్వు అడుగున వేలితో నొక్కి చూశాను. గింజ ఇంకా తెల్లగా, మెత్తగా ఉంది. ముదరడానికి చాలా రోజులు పడుతుంది. తల కోసేస్తే పక్క కొమ్మలు వచ్చి మళ్లీ పూస్తుందో లేదో నాకు తెలియదు. ప్రమోదిని ఎప్పుడూ నిండు మడిలోంచి కోసేది. అడగవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు తూర్పు తెల్లబడుతోంది. సముద్రం హోరు పెరటిదాకా వినిపిస్తోంది. వరహాలమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడింది. నా వైపు కాదు, సముద్రం వైపు చూస్తోంది.

కత్తెర నా చేతిలోనే ఉంది. దారం ఇంకా విప్పలేదు.