ఇరవై నాలుగు కన్నాల పెట్టె

ముందుగా ఒక మాట. అక్షరాలు నా చేతికి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోయి ఉంటే సర్దుకుని చదువుకోండి. ఒక పేజీకి నాకు రెండు రోజులు పడుతుంది. తొందరపెట్టే వాళ్లెవరూ లేరు కనుక రాశాను.

మూడో అంతస్తులో ఉన్న టైలరమ్మ ఇంట్లో ఇంటర్నెట్ వీధి వైపు గదిలో ఉంది. కుట్టుమిషన్ వెనక గదిలో ఉంది. మధ్యలో వంటగదీ రెండు మందపాటి గోడలూ ఉన్నాయి. వెనక గదిలోకి ఫోన్ తీసుకెళ్తే చాలు, అందులో మనుషులు నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఆగిపోతారు. మిషన్ని ముందుకి జరుపుదామంటే అది పాతకాలపు ఇనుము. కత్తిరింపు బల్ల చూస్తే గోడకి బిగించి ఉంది.

శనివారం నాలుగు గంటలకి ఆ గదిలోంచే ఆమె ఫోన్లో చొక్కా కత్తిరింపు నేర్పాలి. పన్నెండు మంది ఆడవాళ్లు పేర్లిచ్చారు. ముప్ఫై ఏళ్లు చేత్తో చేసిన పనిని మొదటిసారి నోటితో చెప్పబోతోంది. మొదటి రోజే మొహం బిగుసుకుపోతే రెండో రోజు ఎవరొస్తారని ఆమె బెంగ.

"అరచేతిలో పట్టేంత పెట్టె ఉంటుందమ్మా. వంటగది ప్లగ్గులో పెడితే సిగ్నల్ని వెనక్కి అందిస్తుంది. నువ్వే చూసి ఆర్డర్ పెట్టు" అంది ఊళ్లో లేని కూతురు.

టైలరమ్మ చూసింది. ఫోన్లో వరసగా చిన్నదీ, మధ్యదీ, పెద్దదీ కనబడ్డాయి. ఇక్కడే ముప్ఫై ఏళ్ల అలవాటు ఆమె చెయ్యి పట్టుకుంది. బట్ట ఎప్పుడూ ఒక సైజు పెద్దదే తీసుకోవాలి, మిగిలింది లోపలికి మడవచ్చు. పొట్టిదైతే మాత్రం దేవుడు దిగొచ్చినా సాగదు. అందుకని అన్నిటికంటే పెద్దది నొక్కింది.

వచ్చింది పొడుగాటి ఇనప్పెట్టె. ముందువైపు ఇరవై నాలుగు కన్నాలు. ప్లగ్గులో పెడితే తేనెటీగల్లా రొద చేసిందే తప్ప సిగ్నల్ ఇసుమంత కదల్లేదు.

"అమ్మా, అది ఆఫీసుల్లో పెట్టేది. ఇరవై నాలుగు కంప్యూటర్లకి వైర్లు తగిలిస్తారు. గాల్లో సిగ్నల్ ఇవ్వడం దానికి రాదు" అంది కూతురు ఫోటో చూసి.

"కొంచెం తగ్గించుకుని వాడలేమా?"

"అది చొక్కా కాదమ్మా. మార్పిడి పెట్టాను. ఇవాళే ఆఖరి రోజు. మూడింటికి మనిషి వస్తాడు. వచ్చినట్టే అట్టపెట్టెలో పెట్టి ఇచ్చెయ్యి. అది వెనక్కి వెళ్తేనే చిన్నది బయలుదేరుతుంది, శుక్రవారానికి చేరుతుంది."

టైలరమ్మ అట్టపెట్టె కోసం మంచం కింద చూసింది. బీరువా మీద చూసింది. తర్వాత మెల్లగా తలతిప్పి వదిన వైపు చూసింది. వదిన అంటే ఆమె భర్తకి అక్క. కళ్లు కొంచెం మసకైనా కత్తెర పట్టిందంటే గీత తప్పదు. అట్ట కనబడితే నమూనాలు కత్తిరించకుండా ఆగలేదు. ఆ అలవాటు చేసింది టైలరమ్మే.

"వదినా, ఆ పెట్టె..."

"ఎంత గట్టి అట్టో మరదలా! ఈ మధ్య అలాంటిది రావట్లేదు. రెండు కాలర్లు, ఒక వీపు, నాలుగు జేబులు, పిల్లల చొక్కాకి ఒక చెయ్యి వచ్చాయి. ముక్క కూడా పారెయ్యలేదు" అంది వదిన గర్వంగా.

టైలరమ్మ తలెత్తి గోడ వైపు చూసింది. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

"పారెయ్యలేదుగా? అయితే అన్నీ తే. దబ్బనం ఎక్కడుంది?"

ఇద్దరూ వెనక గదిలో నేలమీద కూర్చున్నారు. ముక్కలన్నీ పరిచి, అట్ట మీద అచ్చేసిన నీలం గీతల్ని బట్టి ఒకదాని పక్కన ఒకటి చేర్చారు. దారానికి మైనం పట్టించి, కుట్టు లోపలికి వచ్చేలా దబ్బనంతో కుట్టుకొచ్చింది టైలరమ్మ.

"నువ్వు ఫోన్లో చెప్పే పాఠం నేనూ వినొచ్చా?" అంది వదిన ముక్కలు అందిస్తూ.

"వద్దు. పరాయి పెట్టెల్ని ముక్కలు చెయ్యడం ఎలాగో చెప్పమని నిన్నే అడుగుతారు."

"అడిగితే చెప్తా. నీలా పెద్ద సైజు తెప్పించమని మాత్రం చెప్పను."

మూడు కొట్టేసరికి అడుగూ నాలుగు పక్కలూ నిలబడ్డాయి. మూత లేదు. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు నెరిసిన మీసాలాయన. భుజాన పెద్ద సంచీ, చేతిలో ఫోన్. పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటక్కా, దీనికి ఆపరేషన్ చేశారా?"

"కుట్లు బయటికి కనబడుతున్నాయా తమ్ముడూ?" అంది టైలరమ్మ ఆదుర్దాగా.

"కనబడట్లేదు. అదే నా అనుమానం." ఫోన్లో ఏదో పైకీ కిందకీ జరిపి చదివాడు. "కంపెనీ పెట్టెలోనే ఉండాలని రాసుంది. కుట్టకూడదని ఎక్కడా లేదు. కానీ ఆరు వైపులా ఫోటో తియ్యాలక్కా. నంబరు చీటీ పడకపోతే ఫోన్ ఒప్పుకోదు. అది మూత మీద ఉంటుంది."

టైలరమ్మ వదిన వైపు చూసింది. వదిన కిటికీలోంచి కిందకి చూసింది.

"చెయ్యి నమూనా... పొద్దున కింద గుండీల కొట్టామెకి ఇచ్చాను. మనవడికి చొక్కా కుట్టుకుంటానంటేనూ."

"పది నిమిషాలు ఆగగలను. ఇంకా నాలుగిళ్లు తిరగాలి" అన్నాడు మీసాలాయన.

టైలరమ్మ మూడంతస్తులు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గుండీల కొట్టామె బల్ల మీద బట్ట పరిచి, ఆ అట్ట చుట్టూ సుద్దతో గీత గీస్తోంది.

"అక్కా, అది నాకు కావాలి. ఇప్పుడే."

"ఒక్క క్షణం ఆగవే, చంక దగ్గరున్నాను."

ఎంత తొందరలో ఉన్నా చంక వంపు మధ్యలో చెయ్యి ఆపమని టైలరమ్మ అనలేకపోయింది. నిలబడి, ఊపిరి బిగబట్టి, ఆ గీత చివరిదాకా చూసింది. "ఇంకొంచెం లోతుగా" అని ఒకసారి అంది కూడా. ఆనక అట్ట లాక్కుని మెట్లెక్కింది. నంబరు చీటీ భద్రంగా దాని మధ్యలోనే ఉంది.

ఆయాసం తీర్చుకోకుండానే మిగతా రెండు ముక్కలతో కలిపి మూత కుట్టడం మొదలుపెట్టింది. వదిన ఆ వంపుల్ని ఒకదానికొకటి ఆనించి పట్టుకుంది. మీసాలాయన కాసేపు గడియారం చూశాడు, కాసేపు దబ్బనం చూశాడు. చివరికి సంచీ దించి, తనూ ఒక మూల పట్టుకున్నాడు.

"ఈ వంపుని ముడత రాకుండా ఎలా కలుపుతున్నారక్కా?"

"మధ్య నుంచి మొదలుపెట్టాలి తమ్ముడూ. చివర్నుంచి వస్తే ఒకవైపు మిగిలిపోతుంది. చొక్కా చెయ్యైనా అంతే."

చివరి ముడి పడింది. ఇనప్పెట్టె లోపలికి దిగింది. మీసాలాయన ఆరు ఫోటోలు తీశాడు. ఫోన్ గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. ఈ గదిలో సిగ్నల్ లేదన్న సంగతి ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆయన ఫోన్ పట్టుకుని వీధి వైపు గదిలోకి నడిచాడు, వెనకే వదినా మరదళ్లు. అక్కడ ఆకుపచ్చ గుర్తు వెలిగింది.

"ఒప్పుకుంది" అన్నాడాయన. పెట్టె సంచీలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అక్కా, ఆ పాఠం సంగతేదో ఇందాక మీరు కిందకెళ్లినప్పుడు మీ వదినగారు చెప్పారు. మా ఆవిడకి మిషన్ ఉంది. చొక్కా చేతుల దగ్గరే ప్రతిసారీ తంటా పడుతుంది."

"శనివారం నాలుగింటికి" అంది టైలరమ్మ.

శుక్రవారం చిన్న పెట్టె వచ్చింది. శనివారం నాలుగు గంటలకి వెనక గదిలో ఫోన్ నిండా పదమూడు మొహాలు, ఒక్కటీ బిగుసుకుపోలేదు. టైలరమ్మ గొంతు సవరించుకుంది. కాలర్‌తో మొదలుపెడదామనుకున్నది కాస్తా, పదమూడో మొహం వెనకాల నిలబడి తొంగి చూస్తున్న నెరిసిన మీసాలు కనబడేసరికి మనసు మార్చుకుంది.

"ముందు చెయ్యి కత్తిరిద్దాం. దగ్గరికి జరగండి" అంది.

— కళ్లజోడు పెద్దమ్మ, వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది చెల్లెలి ఇంట్లో, మేడ మెట్ల పక్క గదిలో.